విలన్ లేని బొమ్మలు

కాశీబుగ్గలో షాపు బోర్డులు రాసే చెయ్యి నాది.
వకీలు పాఢి సుభాషిణి గారొచ్చి
న్యాయ సదస్సుకి ఎనిమిది గళ్ల బొమ్మల కథ గియ్యమన్నారు,
చదువు రానోళ్లకి కూడా తెలియాలన్నారు.

మొదటి గడిలో జీడిపిక్కల ఫ్యాక్టరీ.
రెండో గడిలో పెరట్లో తొట్టి, అంచుదాకా తొక్కల నూనె,
వేలికంటితే తోలూడొచ్చే నల్లటి నూనె.
మూడో గడిలో యజమాని.
నా కుంచె ఊరుకుంటుందా,
మీసం మెలేసింది, కళ్లలో ఎర్రజీర పెట్టింది.

"చెరిపెయ్యండి" అన్నారావిడ.
"ఇతను తొట్టికి సిమెంటు పూయించాడు,
గేటుకి తాళమేయించాడు, రాత్రికి కాపలా పెట్టాడు.
చెయ్యాల్సిందంతా చేశాడు."

మీసం చెరిపాను. చూపు మెత్తన చేశాను.
ఇప్పుడా మనిషి మా పెద్దబావలా ఉన్నాడు.

నాలుగో గడిలో వాన.
అయిదులో తొట్టికి పగులు, వెంట్రుక మందం.
దానికోసం సన్నకుంచె వెతకడానికే పూట పట్టింది.
ఆరులో గోడకవతల నుయ్యి,
చేదలో నీళ్లమీద నెమలికంఠం రంగు.

ఏడో గడి కోర్టు.
జడ్జీ నోటి దగ్గర బుడగ గీసి అడిగాను,
తప్పెవరిదని రాయను?
"తప్పు అనే మాటే వద్దు.
ప్రమాదాన్ని తెచ్చి తన జాగాలో పెట్టుకున్నాడు.
అది గోడ దాటింది. నష్టం తనే కట్టాలి."
జాగ్రత్తగానే ఉన్నా?
"ఉన్నా."
వాన దేవుడి పని కదండీ?
"ఇంగ్లండు పాత తీర్పు దేవుడికో సందు వదిలింది.
విషంతో వ్యాపారం చేసేవాళ్లకి
మన సుప్రీంకోర్టు ఆ సందూ మూసేసింది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మంచం కింద టర్పెంటైన్ డబ్బా, అయిదు లీటర్లు.
గోడకవతల పక్కింటి పిల్లాడు ఎక్కాలు వల్లిస్తున్నాడు.
లేచి డబ్బా ఈ మూలకి జరిపాను, ఆ మూలకి జరిపాను.
ఎటు జరిపినా నా గదిలోనే ఉంది.

సదస్సులో బొమ్మలు తాడుకి వేలాడుతున్నాయి.
బుడగ ఇంకా ఖాళీ.
ఇరవయ్యేళ్లు పిక్కలు కొట్టి
వేలిముద్రలు అరిగిపోయిన కూర్మమ్మ
మూడో గడి దగ్గర ఆగింది.
"ఈ బాబు మంచోడినాగే ఉన్నాడు."
మంచోడేనమ్మా.
ఆరో గడి దాకా నడిచి, మళ్లీ వెనక్కొచ్చింది.
"ఈడు మంచోడైతే
నా నుయ్యి మంచిదైపోద్దేటి?"

అదే రాశాను బుడగలో, ఆవిడ యాసలోనే.
వకీలమ్మ కాదనలేదు.

ఎనిమిదో గడి అవ్వలేదింకా.
నూతి గట్టు మీద చేద గీశాను,
తాడు ఎవరి చేతికియ్యాలో తేలక
అలా వదిలేశాను.