ఇరవై ఎనిమిదో రోజు

ఈరీ సరస్సు మీంచి గాలి లేస్తే
మా ల్యాబు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.
పందొమ్మిదేళ్లుగా ఇక్కడ నా పని
కాంక్రీటు దిమ్మల్ని విరగ్గొట్టడం.
రికార్డులో వెండెల్, టెక్నీషియన్.
చదువు అన్న గడి ఖాళీ.

ఓడెట్ పావ్లిక్ మొదటిసారి వచ్చినప్పుడు
చేతిలో బస్సుల టైంటేబుల్ లాంటి కాయితం.
ఐదేళ్లు, రెండు డిగ్రీలు.
నాలుగు సబ్జెక్టుల్ని అటూ రాసుకుంటారట, ఇటూ రాసుకుంటారట.
"ఒక్క రోజు కూలికి రెండు మస్టర్లా?" అన్నాను.
నవ్వలేదు. లెక్క చెప్పింది:
ఆరో ఏడుకి ఇంట్లో డబ్బు లేదు.
వాళ్ల నాన్న రేవులో ఉప్పు దించే క్రేను నడుపుతాడు.
సరస్సు గడ్డకడితే
జీతమూ గడ్డకడుతుంది.

తెల్లారుజామున రొట్టెల బట్టీ,
ఎనిమిదింటికి వంతెనల డిజైను,
మధ్యాహ్నం తనకన్నా పెద్దవాళ్ల క్లాసు.
అక్కడ నెరిసిన గడ్డాలు,
మధ్యలో లేచి పిల్లల ఫోన్లెత్తే తండ్రులు,
వెనక బెంచీలో
మోచేతులకి పిండి కడుక్కోవడం మరిచిపోయిన ఈ పిల్ల.
ఈడువాళ్లు మంచు మీద జారుతూ వేసే కేకలు
కిటికీ దాకా వచ్చి ఆగిపోయేవి.
పరీక్షెప్పుడని ఒకసారి అడిగితే
"ఏ డిగ్రీది?" అంది.

మార్చిలో ఒక రాత్రి,
"వీటిని మూడో రోజే విరిచేస్తారా?
థీసిస్‌కి అంకె కావాలి."
వయసైనవాడు చెప్పాల్సింది చెప్పాను.
ఏడో రోజుకి మూడింట రెండొంతుల బలం,
ఇరవై ఎనిమిదికి గానీ మాటిచ్చిన బలం రాదు.
ఆవిరి పట్టిస్తే త్వరగా గట్టిపడుతుంది, నిజమే,
చివరికొచ్చేసరికి కాస్త తగ్గుతుంది.
"ఎంత?"
"నూటికి పది. ఒక్కోసారి అంత కూడా కాదు."
"వంతెన నిలబడుతుందిగా," అంది.

నిదానమే ప్రధానమన్న నోటితోనే
ఆలస్యం అమృతం విషమన్నారు.
ఆ రెంటి మధ్య ఎక్కడో
నా పదకొండేళ్ల సాయంకాలం క్లాసులు
చెప్పకుండా ఆగిపోయాయి.
మీట నొక్కాను.
దిమ్మ ఏటవాలుగా పగిలింది.
అంకె తక్కువే.
తుడపలేదు, దిద్దలేదు,
ఉన్నదున్నట్టు రాసుకుంది.

మే నెలలో రెండు పట్టాలూ ఒకే కవరులో వచ్చాయి.
గౌను ఇంకా సంచిలోనే ఉంది,
కాళ్లకి ల్యాబు బూట్లు.
సున్నపునీళ్ల తొట్టిలో
తన పేరున్న దిమ్మ ఒక్కటి మిగిలింది.
"దీన్నెప్పుడు విరవమంటావ్?"
"తొందరేముంది," అంది.
ఐదేళ్లలో ఆ మాట ఆమె నోట
వినడం అదే మొదలు.

అలా అని బల్ల మీద తలవాల్చి
రెండు డిగ్రీల నిద్ర పోయింది.
నేను మెషీను ఆపేశాను.
గాలి లేస్తోంది.
మూడో రోజు విరిగిన దిమ్మముక్క వెతికి తెచ్చి
తలుపుకి అడ్డం పెట్టాను.