పంటు మీద ఖాళీ గడి

శనివారం అయిదింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి.
మేజర్ అన్నచోట కెమిస్ట్రీ. అది ఎప్పుడో నిండిపోయింది.
దాని కింద మైనర్.
దాని పక్కన గడి,
గళ్ళ నోటుబుక్కులోంచి ఒక్కటే తప్పిపోయి వచ్చి
ఇక్కడ కూర్చున్నట్టు.

ఇవాళ శుక్రవారం. సఖినేటిపల్లి రేవులో పంటు ఇంకా నిండలేదు.
కొబ్బరికాయల ఆటోలు రెండు, పెళ్ళివారి కారు ఒకటి,
ఐసు కారుతున్న రొయ్యల ట్రేలు.
రేవు గుంజల మధ్య నుంచి గుర్రపుడెక్క ముక్కొకటి
ఎగువకి పోతోంది. పోటు మీదుంది గోదారి.
ఒక గుంజ నుంచి ఇంకో గుంజకి
పదకొండు సెకన్లు.
ఎందుకు లెక్కపెట్టానో తెలీదు.

దీవెన కంప్యూటర్స్ పెట్టేసింది. క్లాసంతా అదే పెట్టింది.
"నీకెందుకే ఈ గోల? ఇంటర్లో టూ-బీ ఎన్నిసార్లు రాశావో మర్చిపోయావా?"
మర్చిపోలేదు. రెండుసార్లు.
మొదటిసారి పంతొమ్మిది.
ప్రధాన సంఖ్య కదా అనుకున్నాను, ఏడుస్తూనే.
అలా అనుకున్నందుకు ఇంకా ఏడుపొచ్చింది.

భీమవరం ల్యాబుల్లో చెరువు నీళ్ళలో అమ్మోనియా కొలవడం వస్తే చాలు.
ఎక్సెల్ కూడా వస్తే జీతం ఇంకో రెండు వేలు.
కలనం వచ్చా అని ఎవరూ అడగరు.
ఇదంతా నాకు తెలుసు. ఇంట్లో చెప్పింది కూడా నేనే.

అన్నయ్య ఏసుపాదం చెరువుల మీద మేత వేస్తాడు.
వల ఒక్క విసురు. పడినవాటిని తూచి, లెక్కపెట్టి
"నలభై కౌంటు" అంటాడు,
రెండెకరాల నీళ్ళ అడుగున ఏముందో చూసొచ్చినట్టు.
ఎలా నమ్ముతావురా అన్నాను.
"మూడు మూలలా వేస్తే నమ్మొచ్చు.
ఒక్క మూలే వేస్తే ఏజెంటు నవ్వుతాడు."
మూడెందుకు చాలు? రెండెందుకు చాలవు?
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
రొయ్యల గురించి కాదు.

రత్నమాణిక్యం మేడంని అడిగాను, ఉపయోగం ఏంటని.
చాక్‌పీసు ముక్కని రుమాల్లో చుట్టుకుంటూ
"ఇప్పటికి ఆరుగురు. పదిమంది కాకపోతే సెక్షన్ ఎత్తేస్తారు.
కాబట్టి నా మాట మరీ నమ్మకు" అంది.
గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.
"రాని లెక్క ముందు ఎంతసేపు కూర్చోగలవు?"
నేను పలకలేదు.
కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయేదాకా
అని చెప్పడానికి సిగ్గేసింది.

పంటు కదిలింది.
సరంగు ముక్కు నరసాపురం వైపు పెట్టలేదు,
దిగువకి, అంతర్వేది వైపు తిప్పి పట్టుకున్నాడు.
సముద్రం లోపలికి తోస్తోంది,
ఇంజను బయటికి నెడుతోంది,
మేం మాత్రం తిన్నగా అవతలి రేవుకే పోతున్నాం.
పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే.
ఈ బొమ్మ వన్-ఏ పుస్తకంలో ఉండేది, రెండు బాణాలతో.
అందులో నది లేదు.

దీన్ని జీవితానికి అన్వయించమని ఎవరైనా అంటే
ఇక్కడే దూకేస్తాను.
నాకు ఆ కోణం ఎంతో కావాలి. అంతే.

బల్ల లేదు. ఫారం వెనక్కి తిప్పి
మోకాలి మీద పెట్టి త్రిభుజం గీశాను.
ఇంజను వణుకుకి ఒక భుజం వంకరపోయింది.
పదకొండు సెకన్లున్నాయి.
గుంజల మధ్య దూరం లేదు.
రేపు అమ్మ బట్టలారేసే తాడు తెచ్చి కొలవాలి,
అదే పోటు దొరకదు, అయినా.
ఎవరిదో ట్రే లోంచి ఐసునీళ్ళు కారి
కర్ణం మీద పడ్డాయి.

నరసాపురం వచ్చేసింది. ఆటోలు హారన్లు కొడుతున్నాయి.
ముందువైపు గడి అలాగే ఉంది, ఖాళీగా.

ఆఫీసులో ఇంకో ఫారం అడగాలి.
ఇది ఇవ్వను.