పట్టిక రెండులో అడ్డగీత

వ్యాసం అచ్చయి వచ్చింది. పోస్టులో కాదు,
కిగోమా నుంచి వచ్చే డీజిల్ పడవలో, సబ్బుపెట్టెల మధ్య,
ఒక మూల తడిసి.
పద్నాలుగు పేజీలు. ఆఖరి పేజీ అడుగున కృతజ్ఞతల్లో
తీరంలో కొలతలు తీసిన ఎన్. బగాంబి అని ఉంది.
పేరులో ఒక అక్షరం తప్పు పడింది గాని, నేనే.

ఆరేళ్లుగా నేను కొలిచింది దగాని.
వేలెడు వెండిచేప. దోసిట్లో పోస్తే నిలవదు.
చెక్కపలక మీద మూతి ఆనించి
తోక ఎక్కడ ఆగిందో చూసి
మిల్లీమీటర్లలో రాయాలి.
పొట్ట చీరితే గుడ్లసంచి:
ఒకటి అంటే ఇంకా పసిది,
ఐదు అంటే అంతా వదిలేసి వట్టిపోయింది.
మధ్యలోవి చెప్పడానికే కళ్లజోడు కావాలి.

చీకటి రాత్రుల్లోనే వేట.
వెన్నెలుంటే చేప దీపాన్ని లెక్కచెయ్యదు.
అందుకని మాకు పున్నమి అంటే
వలలు కుట్టుకునే రోజులు, అప్పులవాళ్లు వచ్చే రోజులు.
అమావాస్య దగ్గరపడితే టాంగన్యీకా మీద
ఇంకో ఊరు వెలుస్తుంది, గోడల్లేని ఊరు.
రాత్రి ఎన్ని దీపాలు అని కాగితంలో ఒక గడి ఉంది.
అదీ నా పనే.

వ్యాసంలో దీపాలు 'వేట ప్రయత్నం' అయ్యాయి.
దక్షిణపు గాలి, ఎండాకాలం ఒళ్లు కోసే గాలి,
అడుగునీళ్లని పైకి తోడి సరస్సుకి తిండిపెట్టే గాలి
ఒక వంపుగీత అయింది, ఏటేటా చదునవుతూ.
కాదనలేకపోయాను.
కలూట కూడా అనేవాడు: గాలికి పస తగ్గింది,
వచ్చినప్పుడు మాత్రం పగబట్టినట్టు వస్తోంది అని.

పట్టిక రెండు.
పైన నెలలు, పక్కన తీరాలు.
మా తీరం వరసలో, ఆగస్టు కింద, అంకె లేదు.
అడ్డగీత.
అడుగున చీమంత అక్షరాల్లో: నమూనా సేకరించలేదు.

నెలకి ఒక్కరోజే కొలత. ఆ నెలకి ఆ రోజు.
నేను పలక కడుక్కుని కూర్చున్నాను.
పదకొండు పడవలు వెళ్లాయి, పది వచ్చాయి.
చేప ఉంది. పది పడవల్లోనూ ఉంది.
ఎవరూ దింపలేదు.
ఆడవాళ్లు ఖాళీ బేసిన్లు నెత్తిమీదే పెట్టుకుని
నీళ్లకేసి నిలబడ్డారు,
నీడ మడమల కిందికి చేరేదాకా.

నాలుగోరోజు కలూట పడవ దొరికింది,
కాంగో ఒడ్డుకి కొట్టుకుపోయి, మనుషులు లేకుండా.
అడుగుచెక్కలకి దగా ఎండి కరుచుకుని ఉంది.
అతని భార్య తౌసి గోళ్లతో గీరి గిన్నెలో తెచ్చింది.
"కొలువు" అంది.
ఎండితే కుదించుకుపోతాయి, లెక్కకి రావు అన్నాను.
"కొలువు."
ముప్పై ఏడు. ఒక్కొక్కదానికీ మూతి ఆనించాను.
నేను చెప్పిన ప్రతి అంకెనీ
తనూ ఒకసారి అంది, మెల్లిగా,
అప్పగింతలు సరిచూసుకునే మనిషిలా.

వ్యాసం రాసిన మేడమ్ దార్ ఎస్ సలాం నుంచి ఫోన్ చేసి
ఆగస్టు ఏమైంది అని అడిగింది. మంచిమనిషి.
వాతావరణం బాలేదన్నాను.
సరే, గీత పెడతానంది.
అబద్ధం కాదు అది.
పడిన తేదీ తెలియని చేప, బరువు పోయిన చేప
ఏ పట్టికలోనూ కూచోదు.
రూలు నాకు తెలుసు. రూలు సరైనదే.

ఆ ముప్పై ఏడూ నా నోటుపుస్తకం వెనక అట్ట లోపల ఉన్నాయి.
సగటు అరవై రెండు.
గుడ్లసంచి చూడలేదు.

ఈ పొద్దున తౌసి వేరేవాళ్ల పడవ దగ్గర బేరమాడి
బేసిన్ దించకుండానే అడిగింది:
"ఇవాళ ఎంత?"
డెబ్బై ఒకటి.
"ఇంకా పిల్లలే" అనేసి
గులకరాళ్ల మీద ఆరబోయడానికి వెళ్లింది.
తడిసిన వ్యాసాన్ని నేనూ
ఆ చేపల పక్కనే ఎండలో పరిచాను, ఒక రాయి బరువు పెట్టి.