రోహిణి కార్తెలో కత్తెర

గుజరాతీపేటలో నా షాపు మేడ మీద
పిట్టగోడ వారన ఒక చింతచెట్టు ఉంది.
పదకొండేళ్ళది. మూరెడు కూడా లేదు.
మున్సిపాలిటీ కాలవగోడ పగులులోంచి పీకి తెచ్చాను.
బలగలో కుమ్మరి చేత మూకుడు కాల్పించి
అడుగున మూడు చిల్లులు పెట్టించాను.
వంపులకి చుట్టిన రాగితీగ కాలిపోయిన మోటారుది,
వైండింగు తవిటయ్య ఊరికే ఇచ్చాడు.

ఫాల్గుణంలో చిగురేసింది. చైత్రంలో ముదిరింది.
వైశాఖం సగానికి
ఆగిపోయింది.

ఆకు రాల్చదు, ఆకు వెయ్యదు.
జాతరలో తప్పిపోయి
ఎక్కడున్నావో అక్కడే నిలబడమన్న అమ్మ మాట
గుర్తుంచుకున్న గుంటడిలా ఉంది.

శ్రీకూర్మంలో తాబేళ్ళని చూశాను చిన్నప్పుడు,
మా నాన్న నాకు కూర్మయ్యని పేరు పెట్టిందీ ఆ గుడిలోనే.
ఎండ మీద పడితే అవీ అంతే,
తలా కాళ్ళూ అన్నీ లోపలికి.
పైకి రాయి. లోపల ఎవరో ఉన్నారు.

చిక్కంతా నా చేతితో.
ముప్పై రెండేళ్ళుగా పెరిగిందల్లా కోసి బతికిన చెయ్యి.
చెవి మీద వెంట్రుక ఒక్కటి పక్కకి లేస్తే,
బస్సులో ముందు సీటువాడిదైనా సరే,
నా బొటనవేలూ నడిమివేలూ గాలిలో కలుసుకుంటాయి.
అలాంటి చేతికి
ఎడమ పక్క దారితప్పిన కొమ్మని రోజూ చూపించి
వద్దు అని చెప్పాలి.

నిరుడు చెప్పలేకపోయాను.
నిరుడు ఇదే చోట జువ్వి ఉండేది.
రోహిణి కార్తె నాలుగో రోజు,
కరెంటు లేదు, బేరం లేదు, ఊరికే కూర్చోలేక
తలంతా పొట్టిగా కొట్టేశాను.
పాలు కారాయి. తుడిచాను. మళ్ళీ కారాయి.
వానలొచ్చినా అది లేవలేదు.
"నిద్దరోతున్నోడికి గుండు గీసినావేటి మావా"
అన్నాడు మూకుడు బోర్లిస్తూ నా మేనల్లుడు గురువులు.
వాడి మాటకి వాడే నవ్వాడు.
నేను నవ్వలేదు.

ఈసారి కత్తెర కిందే వదిలి మెట్లెక్కుతున్నాను.
గిరాకీలకి కప్పే తెల్లగుడ్డ ఒకటి
నాలుగు కర్రలకి కట్టాను.
దాని కింద చింత, గడ్డానికి కూర్చున్న పెద్దమనిషిలా
కళ్ళు మూసుకుంది.
తెల్లారకముందు నీళ్ళు, పొద్దు వాలాక నీళ్ళు.
మిట్టమధ్యాహ్నం ఎంత జాలేసినా పోయకూడదు,
వేరు ఉడికిపోతుంది.
ఎరువూ అంతే. ఆకలి లేనివాడికి విస్తరెందుకు?
మరీ భయమేస్తే కాండం మీద గోటితో ఒక్క గీత.
ఆవగింజంత పచ్చ.
ఉంది.
చాలు, దిగిపో.

నాగావళి ఇసుక మీంచి వచ్చే గాలికి
పెదవులు పగులుతున్నాయి.
"ఎండిపోనాది కదేటి, ఒగ్గీ" అంది
పక్క మేడ మీద వడియాలు తిరగేస్తూ కాసులమ్మ.
పడుకుందన్నాను.
"చెట్టుకీ పని లేదు, నీకూ పని లేదు" అంది.
నిజమే. ఆ పని లేకపోవడమే
నెలరోజులుగా చేస్తున్నాను.

మృగశిర మూడో రాత్రి కురిసింది.
లుంగీ ఎగ్గట్టి పరిగెత్తి గుడ్డ విప్పేశాను.
ఇద్దరం తడిశాం.
పొద్దున్నే గురువులు కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు.
ఇంకా కాదన్నాను.
లేచినవాణ్ణి ముందు మొహం కడుక్కోనీరా.

ఆరుద్ర వచ్చేసరికి
కొత్త ఆకు ఎరుపు తగ్గి నిలదొక్కుకుంది.
అప్పుడు కోశాను. ఎడమ కొమ్మ, రెండు కణుపులు ఉంచి.
ఇంకో నాలుగైదు చోట్ల లేత కొసలు.
ముప్పై రెండేళ్ళలో మొదటిసారి చెయ్యి వణికింది.

రాలిందంతా పోగేస్తే గుప్పెడు లేదు.
ఊడ్చెయ్యబోతే మా ఆవిడ లాక్కుని
ఎండురొయ్యల్లో వేసింది.
పులుపు తగిలిందా, అని అడిగింది.

తగిలిందని చెప్పాను,
ఇంకో ముద్ద కలుపుకుంటూ,
అబద్ధం.