దౌడ కింది నీళ్లు

తినుడు తక్కువ లేదు మేడం,
అదే నా బాధ, అన్నడు కుర్మన్న.
చాటెడు తౌడు, కందిపొట్టు, మోపెడు జొన్నచొప్ప
అన్నీ లోపలికి పోతయి.
ఆడికెళ్లి ఎటు పోతయో తెల్వదు.

ఈనిన కాన్నుంచి పారుతనే ఉన్నదట జెర్సీ.
నాలుగు దినాలు ఆగుతది, మళ్లా మొదలైతది.
పాలకేంద్రంల ఆరు లీటర్లు రెండయినయి,
ఆ రెండు ఇంట్ల చాయకయినయి.
పక్కబొక్కలు దూరం నుంచే లెక్కవెట్టొచ్చు.
దౌడ కింద మాత్రం
ఈ నెల కొత్తగ, మెత్తగ ఒక సంచి.
వేలు వెట్టి నొక్కితే
గుంట అట్లనే ఉండి నన్ను చూసింది.

మెడనరంల నెత్తురు తీసిన.
దేవరకద్ర నుంచి పాలమూరు దాక
బస్సుల నా ఒళ్లె కూసున్నది
ఐసు డబ్బా.

ల్యాబుల తిప్పినంక ఎరుపు అడుక్కు దిగింది,
మీద తేట.
పాలు విరిగితే తేలే తేటలెక్కనే,
ఎల్లవ్వకు చెప్పాలంటే ఇట్లనే చెప్పాలె.
ఆ తేటల ఉండేది ఆల్బుమిన్.
నీళ్లు నరం దాటిపోకుండ
కొంగు వట్టి ఆపేది.
మూడు ఉండాలె.
మిషన్ ఒకటి పాయింట్ మూడు అన్నది.
నమ్మక మళ్లొకసారి పెట్టిన.
ఒకటి పాయింట్ మూడు.

గ్లాబులిన్ తగ్గలె.
కండ్లకు కనపడని దానితోని
ఏండ్ల నుంచి కొట్లాడుతనే ఉన్నది అది,
గెలిచినా గెలవకపోయినా.
పేగు గోడ మందమయి ముడుతలు వడ్డది.
తిన్నది పట్టదు, ఉన్నది కారుతది.

ఇది అంటుతది కుర్మన్నా,
పెండల ఉంటది, పాలల్ల ఉంటది,
అంగట్ల అమ్మొద్దు, అన్న.
కుర్మన్న రిపోర్టు మడతవెట్టిండు, నా దిక్కు చూడలె.
ఆవు మెడకు కొత్త పట్టెడ,
వెడల్పుది, దౌడ కిందికి దాక.
రేపు బుధవారం.

ఎల్లవ్వనే అడిగింది:
మరి జున్నుపాలల్ల?
ఉంటది, అన్న.
పక్కింట్ల మాసమ్మ లేగకు
తల్లి సచ్చిందని మూడు పూటలు తాపిచ్చిన,
పుణ్యమని.

నా ఫారంల పుణ్యానికి గడి లేదు.

ఆమె లేచి
పట్టెడ ముడి పండ్లతోని ఇప్పింది,
సంచి బయటవడి ఊగింది.
గోడ అవతల మాసమ్మ లేగ
తోక లేపి ఉరుకుతున్నది,
ఇంకో మూడేండ్లు ఏమీ తెల్వకుండ.
దాని నెత్తురు ఇప్పుడు తీసినా ఏం చెప్పది.
అయినా పెన్ను తీసి, పేరేంది అని అడిగిన.
ఇంకా పెట్టలే, అన్నది మాసమ్మ, నవ్వుకుంట.