రోంత నిప్పు

తాడిపత్రి దాటినాక, గుత్తి రోడ్డులో
నాపరాళ్ళు కోసిన బూడిదనీళ్ళు పారే కాలవ పక్కన మా షెడ్డు.
ఆ మధ్యాన్నం లారీ ఎనక మోకు కట్టి లాక్కొచ్చినారు దాన్ని:
ఇద్దరే కూచునే కారు, మోకాలెత్తు తలుపులు,
ఎరుపు ఎండి ఎండి పాత చింతపండయింది.
బాకీ కింద బెంగుళూరు నుంచి వచ్చిందంట
పాలిష్ ఫ్యాక్టరీ ఓబుళమ్మకు.
"ఇంటికాడ గుర్రం, రాయలచెరువు పోయేసరికి గాడిద.
రోంతసేపు నిలబెడితే మళ్ళా గుర్రం.
ఏం రోగమప్పా ఇది?"

ఖలందర్ సాబుకు చెవులు పోయి ఆరేండ్లు.
స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనించి
పిడి పండ్లతో కరిచి కండ్లు మూసుకుంటాడు.
దవడ ఎముకతో వింటాడు.
"మూడోది తప్పుతాంది" అన్నాడు.

ప్లగ్గులు మార్చినాం. కాయిల్ మార్చినాం.
కండెన్సర్, పెసరగింజంత నమ్మకం కూడా లేకుండానే, మార్చినాం.
పొద్దుగూకినాక షెడ్డు లైట్లార్పి
బానెట్ ఎత్తి చూడమన్నాడు.
డిస్ట్రిబ్యూటర్ క్యాపు మీద వెంట్రుకంత పగులు,
దాంట్లో నీలంపురుగు పాకుతాంది.
దొరికినాడ్రా దొంగ అని నేను ఎగిరినాను.
కొత్త క్యాపేసి పంపితే
పొద్దన మళ్ళా మోకు, మళ్ళా లారీ.

మూడో దినం దొరికింది.
పాయింట్ల పలక కింద బెత్తెడు వైరు,
గుడ్డ తొడుగు, చూపుకు సుబ్బరంగుంది.
వేలితో వంచితే మెత్తగా వంగింది, వైరు వంగినట్టు కాదు,
దారం వంగినట్టు.
లోపల రాగిపోగులన్నీ ఎప్పుడో తెగినాయి.
తొడుగు పట్టుకోని ఉండాది, అంతే.
స్పీడెక్కితే పలక తిరిగి, వైరు సాగి, నిప్పు పోతాది.
ఆగితే పోగులు మళ్ళా ఒకదాన్నొకటి తాకుతాయి.

వైరేసినాం. పరిగెత్తింది.
ఓబుళమ్మ ఊరుకోలేదు. పార్శిల్లో ఎలక్ట్రానిక్ కిట్టు తెప్పించింది:
పాయింట్లుండవు, అరిగేదిలేదు, గీకేదిలేదు.
ఎర్రవైరు ప్లస్సుకు, నల్లది బాడీకి,
ఇరవయ్యేండ్ల చేతివాటంతో బిగించి తాళం తిప్పినాను.
సన్నని పొగ, కాలిన చేపల వాసన.
బ్యాటరీ ప్లస్సు బాడీకి బిగించిన బండి అది!
పదకొండు వేలు.
సాబు ఒక్క మాటా అనలేదు, నా జీతం కాయితం తీసి
ఎనకపక్క లెక్కేసి చూపించినాడు.

రెండో కిట్టుకు ముందు బండినే తిప్పినాం.
బ్యాటరీ తిప్పి, కాయిల్ వైర్లు అటుదిటు మార్చి,
మీటరు వైర్లు మార్చి,
చివరికి డైనమోకు కొత్త దిక్కు చెప్పాల.
వైరు కొన రెప్పపాటు తాకించి తీసినా,
చిటుక్కుమంది.
అంతే. యాభయ్యేండ్ల అలవాటు ఎనక్కి తిరిగింది.
మనుషులకు ఆ టెర్మినల్ యాడుందో నాకింకా దొరకలా.

పోయేముందు సాబు
పాత పాయింట్లు, పాత కండెన్సర్ అగ్గిపెట్టెలో పెట్టి
కారు గూట్లో దోపినాడు.
"పాత ఇనుమెందుకు సామీ?" అనిందామె,
వినపడలేదనుకున్నాం.
"కొత్తది సచ్చేటప్పుడు చెప్పదమ్మా" అన్నాడు, రోంత నిలబడి,
"ఇది ముందు దగ్గుతాది.
దారిలో ఆగితే ఈ పెట్టె అంచుకే గీకి బిగించుకో."

బండి గుత్తి తట్టు పోయింది.
ఫ్యాక్టరీల తెల్లదుమ్ము లేచి అణిగింది.
నేను టీ తాగినాను, ఒక ట్రాక్టర్ హారన్ బాగుచేసినాను.
సాబు స్క్రూడ్రైవర్ పిడి తుడుస్తా,
నిమిషానికోతూరి నా జేబు తట్టు చూస్తా అడిగినాడు:
"ఫోను మోగిందా?"
లేదని చెయ్యి ఊపినాను.
రాయలచెరువు దాటి ఉంటాదా అని లెక్కేసి
మళ్ళా అడిగినాడు.