ఖాళీ వరస

బైరాగిపట్టెడలో జిరాక్స్ షాపు మీద మేడగది.
మెట్లు పదిహేడు.
మా సారు చెంగల్రాయుడు లెక్కపెట్టుకుంటా ఎక్కుతాడు
కంట్లో శుక్లాలు, ఒప్పుకోడు.
"ఖండచాపులో మూడావర్తాలు మే,
రెండు మెట్లు ఎప్పుడూ మిగుల్తాయి" అంటాడు.

కింద మిషను జర్రుమని కాయితం మింగినప్పుడల్లా
పైన మా శ్రుతి వీసమెత్తు పక్కకు జరుగుతుంది.
దాన్ని తిట్టడు.
"అది మంద్ర నిషాదం. దాంతో కలిసి పాడు."

సంగీత కళాశాలలో ఇరవై తొమ్మిదేళ్లు,
అందులో పన్నెండు తాత్కాలికం.
కొత్త కీర్తనలెందుకయ్యా,
ఉన్నవి పాడేదానికే ఆయుస్సు చాలదన్నారు సభలవాళ్లు.
సరేనని తలూపి వచ్చి
పరీక్షల్లో మిగిలిపోయిన అడిషనల్ షీట్ల మీద
నూట పదకొండు రాసినాడు.
ఒక్కదాంట్లోనూ ముద్ర లేదు.
అడిగితే,
"ఇంటాయన ఇంట్లోనే ఉంటే వాకిట్లో బోర్డు యాల?"

పోయిన ధనుర్మాసం నా ఫోన్లో
మద్రాసు కచేరి ఒకటి చూపించినాను.
పట్టుచీర గాయని, సారు శహాన.
కింద తెల్లక్షరాల్లో రచన: సంప్రదాయం.
నాకు చెవులు కాలినాయి.
ఆయన అద్దాలు తీసి ఆఖరిదాకా విన్నాడు.
"అనుపల్లవిలో రెండో సంగతి ఎగరగొట్టింది.
అది తప్ప, బిడ్డ బాగా పాడింది."
కాసేపటికి నవ్వు మొదలైంది
"బతికుండంగానే సంప్రదాయం అయిపోతినే!
రేపట్నించి ఫీజు పెంచాల"
నవ్వు దగ్గులోకి తిరిగిందాకా నవ్వినాడు.
ఫీజు పెంచలేదు.

ఆయన పాటను ఎక్కడ ఆపినా తెగదు.
ఏ ఆవర్తానికి ఆ ఆవర్తం
కడుపు నిండిన పిల్లోడి మాదిరి కూర్చోనుంటుంది.
అది ఆయన బాణీ అనుకున్నాం మేమంతా.
కరెంటు పోయిన ఒక సాయంత్రం
శ్రుతిపెట్టె కూడా మూగైపోయినాక చెప్పినాడు:

చిత్తూరు, మేళగాళ్ల సందు.
నాయన దొరస్వామి. ముహూర్తాల నెలల్లో నాదస్వరం,
మిగతా నెలల్లో కత్తెర, దువ్వెన, పగిలిన అద్దం.
బెల్లం మండీవాళ్ల పెళ్లి.
ఏడేళ్ల పిల్లోడు పీకలు తడిపి అందిస్తా ఉన్నాడు.
ఆ పొద్దు కాంభోజి.
నాయన ఒక్కో స్వరమే పైకెక్కి
పై షడ్జం అందేటట్టుగా
ధైవతం మీద నిలబడి ఊపిరి పట్టినాడు.
అయ్యవారు వేలూపినాడు.
గట్టిమేళం!
డోలు విరుచుకుపడింది, అక్షింతలు రాలినాయి,
ఎవురి పెళ్లో అయిపోయింది.
నువ్వాపిన చోటికి మళ్లీ పో దొరస్వామీ
అని ఒక్కరూ అనలేదు.
ఆఖరి పంక్తిలో ఆకులేసినారు.
నాయన సాంబారన్నం కలుపుతా కలుపుతా
బుగ్గల్లో ఇంకా ఆ గాలి పెట్టుకునే ఉన్నాడని
సారు చెప్పినాడు,
చీకట్లో మొహం కనపళ్లేదు.

నిన్న నూట పన్నెండోది.
ఇప్పుడు ఆయన చెప్తే నేను రాస్తా.
"కాంభోజి. ఎత్తుగడ ధైవతం."
మాటలు?
"మాటలు తర్వాత. ముందు ఊపిరి రాయి."
కామా పెడితే ఒక అక్షరం, సెమికోలన్ రెండు.
ఊపిరికి ఏం పెట్టాల సార్?
చాలాసేపు ఏమీ పలకలేదు.
"ఎంతసేపు పట్టినాడో నేను లెక్కపెట్టలేదు మే.
పిల్లోణ్ణి గదా, మిఠాయిల బుట్ట చూస్తా ఉన్న్యా.
ఒక వరస ఖాళీగా వదిలెయ్."

వదిలినాను.
కింద మిషను కూడా ఎందుకో ఆగింది.
తెల్లటి ఆ వరస పొడుగునా
సారు తొడ మీద వేళ్లు
ఒకటి తర్వాత ఒకటి
తాళం వేస్తానే ఉన్నాయి.